తోడల్లుళ్ళు, ఒక విల్లా: ఒక కోరిక ఎక్కడ పుట్టిందో వెతికిన కేస్

నేను బెంగళూరులో సెబీ (షేర్ మార్కెట్లని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ని, కమిషన్లు తీసుకోను, ఫీజు మాత్రమే. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే, వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం వైపు ఉండే ఐటీ కుటుంబాలు. ఈ కేస్ రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది, రాసింది చదివి సరే అన్నాకే బయటపెడుతున్నా. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను, పేర్లు అసలు వాడట్లేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ భర్తలు, అందరూ బెంగళూరులోనే ఉంటారు, పుట్టింటివాళ్ళది తెనాలి. చిన్నల్లుడు నా క్లయింట్. పెద్దల్లుడు కాదు, ఎందుకు కాదో కింద చెప్తా.

చిన్నల్లుడికి 41 ఏళ్ళు, డేటా ఇంజినీరింగ్ టీమ్‌కి మేనేజర్, చేతికొచ్చేది నెలకి 2.6 లక్షలు. ఆవిడ స్కూల్ టీచర్, 45 వేలు. ఒక్కడే బాబు, ఎనిమిదో క్లాసు. బ్రూక్‌ఫీల్డ్‌లో పాత బిల్డింగ్‌లో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అద్దె 32 వేలు. పీఎఫ్, మ్యూచువల్ ఫండ్స్, ఎఫ్‌డీలు అన్నీ కలిపితే 95 లక్షల దాకా ఉన్నాయి, అది కాక అమరావతి వైపు ఒక ప్లాట్. అప్పులు లేవు. మామూలుగా చూస్తే చాలా ఆరోగ్యంగా ఉన్న ఫైల్.

ఆయన వచ్చింది సర్జాపూర్ రోడ్డు వైపు 2.6 కోట్ల విల్లా కొనడానికి. ఎక్సెల్ షీట్ చేసుకొచ్చారు, నిజం చెప్పాలంటే చాలా బాగా చేసుకొచ్చారు. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కి బ్యాంకు ఇంటి ధరలో 75 శాతం మించి ఇవ్వదు కాబట్టి లోన్ 1.95 కోట్లు, చేతినుంచి 65 లక్షలు. స్టాంప్ డ్యూటీ, సెస్సులు, కర్ణాటకలో 2025 ఆగస్టు ఆఖర్లో 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగిన రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఇంకో 20 లక్షలు, దానికి లోన్ రాదు. అంటే ఉన్న 95లో 85 పోతాయి. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకి ఈఎమ్ఐ 1,69,000 పైచిలుకు, ఆయన జీతంలో 65 శాతం. అప్పు తీరేసరికి ఆయనకి 61, కట్టిన వడ్డీ ఒక్కటే 2.1 కోట్లు. ఇవన్నీ ఆయన షీట్‌లోనే ఉన్నాయి, నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. అన్నీ చూపించి చివర్లో "నాకూ తెలుసు మేడం ఇది టైట్ అని, కానీ ఎలాగోలా అవ్వాలి" అన్నారు.

ఇక్కడ చాలామంది అడ్వైజర్లు లెక్కతో కొడతారు. మీ జీతానికి ఇది ఎక్కువండీ, ఉద్యోగం పోతే ఎలా అండీ అని. ఈ మాటలు తప్పు కాదు కానీ నా అనుభవంలో ఇలాంటి కోరిక మీద అవి పనిచేయవు, పైగా ఉల్టా పనిచేస్తాయి, నీ వల్ల కాదు అన్నకొద్దీ ఆ వస్తువు ఇంకా పైకెక్కి కూర్చుంటుంది, అందనిదే గొప్పదవుతుంది. అందుకని నేను లెక్కలోకి పోలేదు, ఇంటి గురించే అడిగాను. ఆయన ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు టెక్‌పార్క్ ఐటీపీఎల్‌లో, ఆవిడ స్కూలు కుందలహళ్ళిలో, బాబు స్కూలూ అటే. మరి సర్జాపూర్ వైపు ఎందుకండీ అంటే "అక్కడైతే మా వదినావాళ్ళూ ఉంటారు" అన్నారు. వదిన అంటే ఆవిడ అక్క, పెద్దల్లుడి భార్య, వాళ్ళు అప్పటికే అక్కడ విల్లా కొనేశారు. వాళ్ళ కమ్యూనిటీలోనేనా అంటే "అందులో కాదు మేడం, పక్కదాంట్లో. ఇందులో క్లబ్‌హౌస్ ఇంకాస్త పెద్దది."

ఆ మాట దగ్గర నేను పెన్ను కింద పెట్టాను.

సెబీ 2013 రెగ్యులేషన్స్ ప్రకారం మేము సలహా ఇచ్చేముందు క్లయింట్ వయసు, ఆదాయం, అప్పులు, రిస్క్ ఎంత భరిస్తారు, ఇన్వెస్ట్‌మెంట్ ఆబ్జెక్టివ్స్ ఏంటి అన్నీ రాసుకోవాలి. మంచి రూలే. కానీ ఆ ఫారమ్‌లో గోల్స్ అనే కాలమ్‌కి వచ్చేసరికి మా వృత్తి మొత్తం ఒక నమ్మకం మీద నడుస్తోంది: మనిషికి తనకేం కావాలో ముందే తెలుసు, అది వాడి లోపల్నుంచే పుట్టింది, మన పని దానికి డబ్బు సర్దడమే అని. ఈ నమ్మకం చాలా కుటుంబాల్ని ముంచుతోందని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఈ కేస్ రాయడానికి కారణం కూడా అదే.

ఫ్రాన్స్‌లో 1923లో పుట్టి అమెరికాలో ప్రొఫెసర్‌గా స్థిరపడ్డ రెనె జిరార్ అనే ఆయన ఈ సంగతి మీదే జీవితమంతా పనిచేశారు, 2015లో పోయారు. ఆయన ఎకనామిస్ట్ కాదు, సాహిత్యం పాఠాలు చెప్పేవారు, పెద్ద పెద్ద యూరోపియన్ నవలలు వరసగా చదువుతూ ఒకటి గమనించి 1961లో పుస్తకంగా తెచ్చారు. ఆకలి, దాహం లాంటి శరీరం అవసరాల్ని పక్కనపెడితే మనిషి కోరిక మనిషికీ వస్తువుకీ మధ్య గీసిన తిన్నటి గీత కాదు, మధ్యలో ఎప్పుడూ మూడో మనిషి ఉంటాడు, వాడు కోరుకుంటున్నాడు కాబట్టే అది మనకి కావాల్సిందిగా కనిపిస్తుంది అని. ఆ మూడో మనిషి రెండు రకాలు అన్నారు. మనకి చాలా దూరంలో ఉండేవాడు, పాత స్పానిష్ నవలలో హీరో డాన్ క్విక్సోట్‌కి, అతను చదివిన కథల్లోని వీరుడు అమాదిస్ లాగా, వాడిని ఎంత అనుకరించినా వాడితో పోటీ రాదు. రెండోవాడు మన పక్కనే, మన స్థాయిలోనే ఉండేవాడు, వాడు కోరుకున్నదాన్నే మనమూ చెయ్యిచాచి పట్టుకోగలం, కాబట్టి గురువూ వాడే, అడ్డూ వాడే.

మన పెద్దలు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారు కదా. ఇన్నేళ్ళు ఇళ్ళలో లెక్కలు చూశాక నాకనిపించేది ఏంటంటే నక్క పులిని చూసి వాత పెట్టుకోదు, పక్క నక్క పెట్టుకుందని పెట్టుకుంటుంది. ముంబైలో అంబానీ 27 అంతస్తుల ఇల్లు కట్టుకుంటే మారతహళ్ళిలో ఎవరికీ నిద్ర చెడలేదు. అదే బ్యాచ్‌మేట్ కొంటే, తోడికోడలు కొంటే, తోడల్లుడు కొంటే చెడుతుంది. 1949లో జేమ్స్ డ్యూసెన్‌బెరీ అనే అమెరికన్ ఎకనామిస్ట్ కూడా ఈ మాటకి దగ్గరగానే వస్తాడు, ఒక కుటుంబం ఎంత పొదుపు చేస్తుందన్నది ఒట్టి ఆదాయం బట్టి కాదు, చుట్టూ ఉన్నవాళ్ళతో పోలిస్తే ఎక్కడున్నారో దాన్ని బట్టి అంటాడు. ఫేస్‌బుక్‌లో 2004లో మొదటి బయటి ఇన్వెస్టర్‌గా 5 లక్షల డాలర్లు పెట్టిన పీటర్ థీల్ స్టాన్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు జిరార్ ప్రభావంలో పడ్డవాడే, పక్కవాడి కోరికల్ని రోజంతా చూపించే సైట్ ఎంత పెద్దదవుతుందో అతనికి ముందే అర్థమైందంటే ఆశ్చర్యం లేదు.

ఇక తోడల్లుళ్ళ సంబంధం ఉంది చూశారూ, జిరార్ చెప్పిన రెండో రకానికి అంతకంటే సరిగ్గా సరిపోయేది ఉండదేమో. అన్నదమ్ములైతే ఒకే ఇంట్లో పెరిగారు, పెద్దా చిన్నా తేడా చిన్నప్పట్నుంచే స్థిరపడి ఉంటుంది. వీళ్ళకి రక్తసంబంధం లేదు, ఒకే అత్తారింటికి ఒకే హోదాలో వస్తారు, ఏటా సంక్రాంతికి ఒకే వరండాలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు, మావగారు ఎవరితో ఎక్కువసేపు మాట్లాడారో కూడా ఇద్దరికీ గుర్తుంటుంది. అన్నయ్యా అని పిలుస్తాడు, లోపల కొలుస్తూ ఉంటాడు. ఇది చెడ్డబుద్ధి అని నేను అనట్లేదు. నా క్లయింట్ చాలా మంచి మనిషి, ఆ తోడల్లుడంటే ఆయనకి నిజంగా గౌరవం, అసలు గౌరవం ఉంది కాబట్టే ఇదంతా.

నేను ఇలాంటి కేసుల్లో ఒక షీట్ ఇస్తాను. పెద్ద ఖర్చున్న ప్రతి గోల్‌కీ ఒక వరుస. అది మొదటిసారి మనసులోకి ఎప్పుడొచ్చింది. అప్పటికే అది ఎవరి దగ్గర ఉంది. కొన్నాక ఎవ్వరికీ చెప్పకూడదు, ఫొటో పెట్టకూడదు, ఇంటికి ఎవర్నీ పిలవకూడదు అంటే అయినా కావాలా. ఆఖరిది, రెండో కాలమ్‌లో రాసిన మనిషి రేపు దాన్ని అమ్మేస్తే మీకు ఇంకా కావాలా. భార్యాభర్తలు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నింపాలి, ఇది మాత్రం ఖచ్చితం, కలిసి నింపితే ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో వాళ్ళ కోరికే రెండు షీట్లలోకీ వస్తుంది.

ఆయన షీట్‌లో ఎస్‌యూవీ, యూరప్ ట్రిప్, బాబుకి ఇంటర్నేషనల్ బోర్డ్ స్కూలు, విల్లా. నాలుగింటికీ రెండో కాలమ్‌లో ఒకే మనిషి. రాసేటప్పుడు ఆయనకి తెలీలేదట, నింపాక ఒకసారి పైనుంచి కిందికి చూసుకుంటే తెలిసిందట. ఎస్‌యూవీ ఎవరికీ తెలియకపోయినా కావాలి, ఊరికి వెళ్ళేటప్పుడు నడుము నొప్పి ఉండదు అని రాశారు, అది నిలబడింది. విల్లా దగ్గర మాత్రం ఆఖరి కాలమ్‌లో "అప్పుడు తొందర లేదు" అని ఉంది. ఈ మూడు మాటల కోసమే ఆ షీట్ ఉన్నది. వద్దు అనలేదు చూడండి, కోరిక అబద్ధం కాదు. కానీ దాని వేగం, దాని గడువు, ఈ ఏడాదే అవ్వాలన్న ఆత్రం ఇంకో మనిషి దగ్గర్నుంచి అప్పుగా వచ్చాయి.

ఆవిడ షీట్‌లో ఒకే వరుస ఉంది. ఇల్లు, అమ్మ వచ్చి ఉండాలి. ఎప్పట్నుంచి అంటే, అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పట్నుంచి. ఎవరి దగ్గరుంది అంటే, అక్క దగ్గర, కింద బెడ్‌రూమ్ ఉంది కాబట్టి అమ్మ బెంగళూరొస్తే అక్కడే దిగుతుంది. ఎవరికీ చెప్పకూడదంటే, అయినా కావాలి. అక్క అమ్మేస్తే, అయినా కావాలి, అప్పుడు ఇంకా ఎక్కువ కావాలి.

దీని మీద కొంచెం ఆగుతా, ఎందుకంటే ఇలాంటి విషయాలు మాట్లాడేవాళ్ళు ఇక్కడే తేలిగ్గా ఒక మాట అనేస్తారు, ఆయనది నకిలీ కోరిక, ఆవిడది అసలు కోరిక అని. నేను అలా అనను. ఆవిడ కోరికలో కూడా అక్క ఉంది, అక్క ఇంట్లో ఆ కింద గది చూడకపోతే అది ఇంత స్పష్టంగా పుట్టేది కాదేమో. ఎవర్నీ చూడకుండా పుట్టిన కోరిక కోసం వెతకడం మొదలెడితే ఎవరి దగ్గరా ఏదీ మిగలదు, మనం మాట్లాడే భాష దగ్గర్నుంచి తినే పచ్చడి దాకా ఎవర్నో చూసి నేర్చుకున్నవే. నేను చూసేది అది కాదు. నేర్పిన మనిషిని పక్కకి తీసేస్తే కోరిక నిలబడుతుందా, అది తీరాక కడుపు నిండుతుందా లేక ఆ మనిషి ఇంకోటి కొనగానే మళ్ళీ మొదలవుతుందా, ఈ రెండే. ఆవిడది నిలబడింది. దాని ధర ఎంతో కూడా లెక్కేశాం: కింద అంతస్తులో మూడు గదుల అద్దె ఇల్లు, వాళ్ళ ఏరియాలోనే, నెలకి 13 వేలు ఎక్కువ. 2.6 కోట్లకీ ఈ 13 వేలకీ మధ్య ఉన్నదంతా తోడల్లుడే.

ఇది చెప్తే ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాక చెప్తా అన్నారు. నేనూ తొందరపెట్టలేదు. టోకెన్ అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టొద్దని ఒక్కటే గట్టిగా చెప్పాను.

తెనాలిలో జరిగింది ఆవిడ చెప్తే నాకు తెలిసింది. కనుమ రోజు వంటింట్లో అక్కచెల్లెళ్ళు గారెలు వేస్తూ మాట్లాడుకుంటున్నారు, చెల్లెలు తెగించి అడిగిందట, అక్కా మీకా విల్లా ఆలోచన అసలెలా వచ్చింది అని. అక్క అన్నదట: "మీ ఆయన అమరావతిలో ప్లాట్ కొన్నాడని తెలిసిన రోజునుంచీ మీ బావకి నిద్ర లేదే. చిన్నోడు అప్పుడే సొంతగడ్డ మీద పాతుకున్నాడు, మనం ఇంకా అద్దె కొంపలోనే అని ఒకటే గోల. ఆ గోల పడలేకే నేను సరేనన్నా." 2024 జూన్‌లో ప్రభుత్వం మారి అమరావతి మళ్ళీ పట్టాలెక్కాక చిన్నల్లుడు ఆ ప్లాట్ కొన్నారు. ఎందుకు కొన్నారో చెల్లెలికి తెలుసు. బావగారు అమెరికాలో రెండేళ్ళు ఆన్‌సైట్ చేసి డబ్బుతో తిరిగొచ్చారు కాబట్టి మనకీ చెప్పుకోడానికి ఒకటి ఉండాలని. అదే చెప్పింది. ఇద్దరూ ముందు నవ్వారట, తర్వాత అక్క ఇంకో మాట చెప్పింది, ఇంటీరియర్స్‌కి చాలక తన గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టారని. అమ్మకి కూడా తెలియదట.

జిరార్ ఈ పరిస్థితిని కూడా వివరంగా చూశారు. ఎవరు ఎవర్ని అనుకరిస్తున్నారో చెప్పలేని స్థితి వస్తుంది, ఇద్దరూ ఒకరికొకరు గురువులూ పోటీదారులూ అయిపోతారు, ప్రతివాడూ ఎదుటివాడే మొదలుపెట్టాడనుకుంటాడు, అప్పటికి వస్తువుకి విలువ పోయి పోటీ ఒక్కటే మిగులుతుంది. చిన్నల్లుడి ఎక్సెల్‌లో పెద్దల్లుడు ఏ చీకూచింతా లేని మనిషి. ఆ మనిషి గాజులు తాకట్టు పెట్టి, తనని చూసే, పరుగెడుతున్నాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. నా షీట్ సగం పని చేసిందనుకుంటే మిగతా సగం ఆ వంటింట్లో జరిగింది, ఇది ఒప్పుకోవాలి, ఎందుకంటే మోడల్‌గా పెట్టుకున్న మనిషి నోటినుంచి వాడి కష్టం వినడం కంటే బలమైన మందు నా దగ్గర లేదు.

విల్లా ఆగింది. కుందలహళ్ళి మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో కింద అంతస్తు ఇల్లు 45 వేలకి తీసుకున్నారు. ఆయన ఆఫీసుకి పర్పుల్ లైన్‌లో మూడో స్టేషన్ పట్టందూర్ అగ్రహారంలో దిగితే చాలు. అమ్మగారు వచ్చి ఉన్నారు. సొంతిల్లు వద్దని నేను చెప్పలేదు, కొంటారు, కానీ జీతంలో మూడో వంతు దాటని ఈఎమ్ఐతో, వాళ్ళ స్కూలూ ఆఫీసూ చుట్టుపక్కల.

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళకి తర్వాతి రివ్యూ సంగతి చెప్పాలి. ఆయన ఇంకో ఎక్సెల్‌తో వచ్చారు, 45కి రిటైర్ అవ్వడం ఎలా అని. ఆఫీసులో ఒక కొలీగ్ అదే పనిలో ఉన్నాడట, పాత కారు, బయట తిండి లేదు, జీతంలో 70 శాతం పొదుపు, "అతనికి ఎవరితోనూ పోటీ లేదు మేడం, అలా బతకాలి" అన్నారు. ఎవర్నీ అనుకరించని మనిషిని అనుకరించాలన్న కోరిక అన్నమాట. మళ్ళీ అదే షీట్ ఇచ్చాను. ఆ కొలీగ్‌కి పిల్లల్లేరు, తల్లిదండ్రులకి పెన్షనుంది. 45 అనే అంకె అతనిది. కానీ ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా పనిచేయాలన్న భాగం ఎవర్ని తీసేసినా నిలబడింది, కాబట్టి ఆ భాగం ఉంచి, రెండేళ్ళ ఖర్చులకి సరిపడా డబ్బు విడిగా కట్టే ప్లాన్ వేశాం, 45 కొట్టేశాం. మోడల్ మారడం నయం కావడం కాదు, కానీ కొన్ని మోడల్స్ మిగతావాటికంటే తక్కువ నష్టం చేస్తాయి, దాన్ని కూడా అడ్వైజర్ వాడుకోవాలని నా అభిప్రాయం.

ఇదే కారణంతో నా సొంత డబ్బు ఎక్కడుందో నేను ఏ క్లయింట్‌కీ చెప్పను. దాదాపు అందరూ అడుగుతారు, "మీరెందులో పెట్టారు మేడం" అని, అభిమానంతోనే అడుగుతారు. చెప్పిన మరుక్షణం వాళ్ళ ప్లాన్‌లోకి నా వయసు, నా కుటుంబం, నా భయాలు దూరిపోతాయి.

పెద్దల్లుడు ఫోన్ చేసింది ఆ తర్వాతే. "మా తమ్ముడు మీ దగ్గరికే వస్తాడటగా, నాకూ అలాంటి ప్లానే వేయండి." ఆయన చాలా ఒత్తిడిలో ఉన్నారని గొంతులో తెలుస్తోంది, తీసుకోవాలనే అనిపించింది. తీసుకోలేదు. ఇద్దరి ఫైళ్ళూ నా టేబుల్ మీద ఉంటే నేనే వాళ్ళ కొత్త వరండా అయిపోతాను, ఒకరి ప్లాన్ ఇంకొకరికి కొలబద్ద అవుతుంది, నేను ఒక్క ముక్క బయటపెట్టకపోయినా సరే. రిజిస్టర్డ్ అడ్వైజర్ల లిస్ట్ సెబీ సైట్‌లో ఎలా వెతకాలో చెప్పి, ఖాళీ షీట్ పంపాను, తోడల్లుడి షీట్ చూడకుండా నింపండి అని ఒక్క షరతు పెట్టాను. ఆయన జయనగర్‌లో వేరొకరి దగ్గర చేరారు, గోల్డ్ లోన్ తీర్చడంతో మొదలుపెట్టారని తెలిసింది.

తేలనిది బాబు సంగతి. పెద్దమ్మ కొడుకు పదో క్లాసు, ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో ఉన్నాడు, వీడు కూడా చేరతానని పట్టుబట్టాడు. ఫీజు కట్టేముందు వాడి చేతే షీట్ నింపించండి అన్నాను. ఎవరికీ చెప్పకూడదంటే చేరతావా అన్నదానికి వాడు "చేరను, కానీ అన్నతో కలిసి బస్సులో వెళ్ళాలి" అని రాశాడు. "అన్న మానేస్తే?" అనే ఆఖరి కాలమ్ ఖాళీగా వదిలేశాడు. వాడికి లెక్కలంటే ఇష్టమో, అన్నంటే ఇష్టమో వాడికింకా తెలియదు, పదమూడేళ్ళకి తెలియాలని రూలేం లేదు కూడా. ప్రస్తుతానికి ఆదివారాలు పిల్లలిద్దర్నీ ఒక ఇంట్లో ఉంచుతున్నారు, ఫీజు డబ్బు లిక్విడ్ ఫండ్‌లో (కావాలంటే త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంది, ఏప్రిల్ రివ్యూలో మళ్ళీ వాడినే అడుగుతాం.